గేరక్క, నూట ఇరవై మీటర్లు

ఆమె ఎడమచేతి కణుపుల్లో మూడు వంకరగా అతుక్కున్నాయి. ఎవరైనా అడిగితే "డ్రైవింగ్ స్కూలు ఫీజు" అని నవ్వేది.

ఆ స్కూలు ఆమె మొగుడే. తాను తాగి ఒరిగిపోయిన రోజున కారును ఇంటికి చేర్చడానికి ఒక మనిషి ఉండాలని ఆమెకు డ్రైవింగ్ నేర్పాడు. నేర్పడమంటే పక్క సీట్లో స్క్రూడ్రైవర్‌ను తిరగేసి పట్టుకుని కూర్చోవడం. గేరు మార్చేటప్పుడు కీచుమని చప్పుడొస్తే చాలు, ఆ లావుపాటి పిడితో ఆమె వేళ్ళ మీద ఒక్కటి వేసేవాడు. మొదటి నెలలో రెండు కణుపులు విరిగాయి, మూడో నెలలో ఇంకొకటి. ఆ తర్వాత ఆమె చేతిలో గేరు ఏనాడూ కీచుమనలేదు. వెనక సీట్లో కళ్ళు మూసుకుని కూర్చున్నవాళ్ళకు గేరు మారిందన్న సంగతే తెలిసేది కాదు. రైల్వే స్టేషన్ బయటి టాక్సీ స్టాండులో అందరూ ఆమెను గేరక్క అనేవాళ్ళు. అసలు పేరు లైసెన్సు మీద తప్ప మరెక్కడా లేదు.

మొగుడు ఎలా వదిలిపోయాడో కూడా స్టాండులో అందరికీ తెలుసు. ఆమెకు ముప్ఫై రెండేళ్ళప్పుడు, ఒక మధ్యాహ్నం, బైపాస్ మీద డెబ్బై వేగంతో పోతుండగా అతను ఆమె చెంప పగలగొట్టాడు. ఎందుకో ఆమెకే ఇప్పుడు గుర్తులేదు. ఆమె బ్రేకు మీద లేచి నిలబడ్డంత పని చేసింది. సీటు బెల్టు పెట్టుకోవడమంటే పరువు తక్కువనుకునే మనిషి ముఖం వెళ్ళి డాష్‌బోర్డుకు గుద్దుకుంది. రెండు పళ్ళు ఊడి ఒళ్ళో పడ్డాయి. ఆమె దిగి, అటు తలుపు తీసి, కాలరు పట్టి అతన్ని రోడ్డు మీదకు లాగింది. డిక్కీలోంచి వీల్ స్పానర్ తెచ్చి అతని కుడి ముంజేతి మీద రెండుసార్లు కొట్టింది. మొదటి దెబ్బకే ఎముక విరిగిన చప్పుడు వినబడింది. రెండోది అక్కర్లేదు. అయినా కొట్టింది. అతన్ని అక్కడే వదిలేసి కారెక్కి వచ్చేసింది. అతను మళ్ళీ ఆ ఊరి ముఖం చూడలేదు.

ఆ రెండో దెబ్బ సంగతి ఆమె చెల్లెలికి మాత్రమే చెప్పింది. "మొదటిది భయంతో కొట్టానే. రెండోది కొట్టినప్పుడు మాత్రం హాయిగా ఉండింది. నాకు ఆయన కంటే ఆ హాయే ఎక్కువ భయం వేస్తోంది."

చెల్లెలు ఆమె కంటే తొమ్మిదేళ్ళు చిన్నది. తల్లి పోయాక ఆమె చేతుల్లోనే పెరిగింది. ఆమెకు పెళ్ళి చేసిందీ గేరక్కే. చెల్లెలి మొగుడు నోట్లో నాలుక లేని మనిషి. ఒక ఆఫీసు వ్యాను తోలుకునేవాడు. అక్కాచెల్లెళ్ళవి ఒకే మెట్ల మీద కిందా పైనా ఇళ్ళు. ఆదివారం పొద్దున ముగ్గురూ కలిసి కారు కడిగేవాళ్ళు. మొగుడు వదిలిపోయిన ఆ బూడిదరంగు డీజిల్ సెడాన్‌ను ఆమె పద్నాలుగేళ్ళపాటు కన్నబిడ్డలా చూసుకుంది. ఇంజన్ చప్పుడులో దగ్గు వినబడితే ఆమెకు అన్నం సయించేది కాదు.

ఆ మరిది ఉద్యోగం మానేసి, సొంతంగా ఒక తెల్లటి ఎలక్ట్రిక్ సెడాన్ కొని ఇంటి ముందు నిలబెట్టాడు. చప్పుడు లేకుండా వచ్చేసరికి మెట్ల మీద కూర్చున్న గేరక్క చూసుకోలేదు కూడా.

"వదినా, పోటీ పెట్టుకుందామా? సరదాకే," అన్నాడు.

"నీ మిక్సీతోనా?" అంది ఆమె. చెల్లెలు పొట్ట పట్టుకుని నవ్వింది.

ఆ ఆదివారం మూతపడ్డ ఫ్యాక్టరీ వెనక రోడ్డుకు వెళ్ళారు. తిన్నటి రోడ్డు, అటూ ఇటూ ముళ్ళకంప తప్ప మనిషి జాడ లేదు. చెల్లెలు ఫోన్‌లో సెకన్లు చూస్తూ రెండు కార్లలోనూ ఒక్కోసారి కూర్చుంది. నిలబడ్డ చోటునుంచి అరవై అందుకోవడానికి గేరక్క కారుకు ఐదు సెకన్లు దాటింది. మరిది కారుకు మూడున్నర చాలింది. "నిలబడి లేవడం వేరు, పరుగులో ఉన్నప్పుడు చూడు నా దాని సంగతి," అని గేరక్క అరవై నుంచి వందకు తోలి చూపించింది. ఆరున్నర. మరిది కారుకు నాలుగు.

డీజిల్ కారు బయల్దేరడంలో ఒక తంతు ఉంటుంది. మొదటి గేరులో ఇంజన్ అరుస్తుంది. రెండోదానికి మారేలోపు, చెయ్యి ఎంత మెత్తనిదైనా, ఒక చిన్న ఖాళీ వస్తుంది. ఆ తర్వాత టర్బో మేలుకుని వీపును సీటుకేసి నొక్కుతుంది. ఆ నొక్కుడు అంటే గేరక్కకు ప్రాణం. ఎలక్ట్రిక్ కారుకు ఈ తంతేమీ లేదు. కాలు పెట్టీ పెట్టగానే ఉన్న బలమంతా చక్రాల్లో ఉంటుంది. చివరిగా రెండు కార్లూ పక్కపక్కన పరుగెత్తినప్పుడు ఆమె రెండో గేరు వేసేసరికే తెల్లకారు వెనక లైట్లు ఆమెకు కనిపిస్తున్నాయి.

చెల్లెలు ఆ కిటికీలోంచి తల బయటపెట్టి అరిచింది. "అక్కా, నువ్వొచ్చేలోపు మేం టీ తాగొస్తామే!"

గేరక్క కూడా నవ్వింది. ఇంటికొచ్చాక మాత్రం ఒంట్లో బాగోలేదని చెప్పి తలుపేసుకుంది.

నాలుగు నెలలు తిరక్కుండానే స్టేషన్ స్టాండులో ఎలక్ట్రిక్ కార్లు ఇరవై దాకా చేరాయి. మరిదిదీ అందులో ఒకటి. స్టేషన్ ఆఫీసువాళ్ళు ఎడమ వరస డీజిల్ కార్లకు, కుడి వరస ఎలక్ట్రిక్ కార్లకు ఇచ్చారు. రెండు వరసలకూ ఎదురుగా నూట ఇరవై మీటర్ల దూరంలో ఒకే ఒక ఇరుకు గేటు, దానికి ఇటూ అటూ రెండు సిమెంటు స్తంభాలు. అది దాటితే ప్రయాణికులు నిలబడే చోటు. గేటు పక్క బూత్‌లో కూర్చునే గేటాయన పచ్చలైటు వేస్తే రెండు వరసల్లోంచి ముందు కార్లు రెండూ బయల్దేరాలి. గేటుకు ముప్ఫై మీటర్ల ముందున్న పసుపు గీతను ఎవరు ముందు దాటితే వాళ్ళది బేరం. వెనకబడ్డవాళ్ళు ఆగి, తిరిగి వరస చివరికి పోవాలి. ఆ నియమం రాసిన మహానుభావుడు జన్మలో స్టీరింగ్ పట్టుకుని ఉండడని స్టాండులో అందరూ అనుకునేవాళ్ళు.

అలా ఆదివారం సరదాకు చూసిన లెక్క రోజుకు పాతికసార్లు ఆమె కళ్ళముందు జరగడం మొదలైంది. పచ్చలైటు, మొదటి గేరు అరుపు, రెండో గేరు, ఎదురుగా ఎర్రటి లైట్లు, బ్రేకు, వెనక్కి తిరగడం. డీజిల్ వాళ్ళలో పొద్దుట్నుంచి సాయంత్రం దాకా ఒక్క బేరం దొరకనివాళ్ళు ఉండేవాళ్ళు. ఎలక్ట్రిక్ డ్రైవర్ ఫోన్ చూసుకుంటూ ఆలస్యంగా కదిలితేనే వీళ్ళకు అవకాశం.

కోపం ముందు నోళ్ళలో ఉంది, తర్వాత చేతుల్లోకి దిగింది. మొదటి వారం కుడి వరసలో సీసాపెంకులు పడ్డాయి. రెండో వారం ఒక ఎలక్ట్రిక్ కారు అద్దం మీద ఇటుకరాయి పడింది. దానికి బదులుగా వాళ్ళు ఒక డీజిల్ డ్రైవర్ను మూత్రశాల గోడకు అదిమిపెట్టి, దవడ పక్కకు జరిగేదాకా గుద్దారు. డీజిల్ వాళ్ళకు పెద్ద మీసాలన్న. గుమ్మడికాయంత తల, దానికి తగ్గ మీసం. అతనికి ముక్కు మీద ఉంటుంది కోపం. ఒక మధ్యాహ్నం ఎలక్ట్రిక్ డ్రైవర్ ఒకడు కారు తలుపు అంచు పట్టుకుని నిలబడి మాట్లాడుతుంటే, మీసాలన్న వెనకనుంచి వచ్చి ఆ తలుపును కాలితో తన్ని మూసేశాడు. మూసి, వీపు ఆనించి నిలబడ్డాడు. లోపల ఇరుక్కున్న వేళ్ళను లాక్కోవడానికి ఆ మనిషి పెట్టిన అరుపుకు ప్లాట్‌ఫారం మీది జనం కూడా ఇటు తిరిగి చూశారు. తలుపు తీసేసరికి చూపుడువేలు చివరి కణుపు చర్మానికి వేలాడుతోంది.

గేరక్క అక్కడికి నాలుగడుగుల దూరంలో బానెట్‌కు ఆనుకుని టీ తాగుతోంది. గ్లాసు కింద పెట్టలేదు.

ఆ సాయంత్రం మెట్ల మీద మరిది ఎదురుపడ్డాడు. చొక్కా మీద ఎవరిదో రక్తం ఎండిపోయి ఉంది.

"నువ్వు అక్కడే ఉన్నావట కదా వదినా."

"ఉన్నాను."

"ఒక్కమాట కూడా అనలేదట."

"అనలేదు."

అతను ఆమె ముఖంలోకి కాసేపు చూసి, పక్కకు తప్పుకుని పైకి వెళ్ళిపోయాడు. చెల్లెలు తలుపు దగ్గర నిలబడి అంతా వింది. అతను లోపలికి రాగానే తలుపు మూసింది.

మూడో రోజు పొద్దున సన్నటి వాన పడుతోంది. తొమ్మిదిన్నర బండి వచ్చింది. రెండు వరసల్లోనూ ముందున్నవి గేరక్క కారు, మరిది కారు. రెండింటి మధ్యా చెయ్యి చాపితే అందేంత దూరం. మరిది కిటికీ అద్దం దించాడు. వేలు పోయినవాడు అతని స్నేహితుడు. రెండు రాత్రులుగా ఆసుపత్రిలో అతని దగ్గరే కూర్చున్న మరిది కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"ఏం వదినా, వెనక్కి తిరిగిపోవడం అలవాటైపోయిందా?"

ఆ మనిషి నోట అలాంటి మాట ఆమె ఎన్నడూ వినలేదు. క్లచ్ సగానికి తెచ్చి, ఇంజన్‌ను గుక్కపెట్టి అరిపిస్తూ లైటు వైపు చూసింది.

పచ్చ పడింది. ఆమె జీవితంలో అంత బాగా ఏనాడూ బయల్దేరలేదు. టైర్లు తడిలో ఒక్క క్షణం జారి పట్టుకున్నాయి. రెండో గేరు వెన్నలో కత్తిలా దిగింది. టర్బో వీపును నెట్టింది. అయినా తెల్లకారు ముందే ఉంది. ఒక కారు పొడవు, ఒకటిన్నర, రెండు. తెల్లకారు పసుపు గీత దాటింది. గేటు కోసం దాని వెనక లైట్లు ఎర్రగా వెలిగాయి.

ఆమె కుడికాలు బ్రేకు మీదకు రావాలి. రాలేదు. ఇంకా కిందకి తొక్కింది.

డీజిల్ కారు ముక్కు తెల్లకారు ఎడమవైపు వెనక చక్రానికి తగిలింది. అది బొంగరంలా తిరిగి, డ్రైవర్ వైపు వెళ్ళి సిమెంటు స్తంభానికి గుద్దుకుంది. రేకు నలిగిన చప్పుడు, అద్దాలు పగిలిన చప్పుడు, తర్వాత హారన్ ఒక్కటే ఆగకుండా మోగడం. గేరక్క నుదురు స్టీరింగ్ పైభాగానికి కొట్టుకుని చీలింది. ఒక కంట్లోకి రక్తం దిగుతుంటే, ఇంకో కంటితో ఆమె చూసింది. తెల్లకారు తలుపు లోపలికి ముడుచుకుపోయింది. దానికీ సీటుకూ మధ్య మరిది కుడిచెయ్యి మోచేతి దగ్గర తిరగకూడని వైపు తిరిగి ఉంది.

అతను అరవలేదు. తన చేతి వంక, అది ఎవరి చెయ్యో అన్నట్టు చూస్తున్నాడు.

వానలో జనం పరుగెత్తుకొచ్చారు. ఎడమవైపు తలుపు తీసి అతన్ని బయటికి లాగారు. లాగుతున్నది సాయానికేనని ఆమె అనుకుంది. నేల మీద పడేశాక అర్థమైంది, వాళ్ళు తన వరసవాళ్ళని. ఎన్నో రోజులుగా కడుపులో మండుతున్నదంతా ఒక దెబ్బతిన్న మనిషి మీదకు దిగింది. ఒకడు పక్కటెముకల మీద తన్నాడు. ఒకడు బెల్టు విప్పాడు. "గేరక్క చూపించిందిరా మొగతనం!" అని ఎవరో ఈల వేశారు. మీసాలన్న అతని విరిగిన చేతి మీద బూటుకాలు మోపాడు. అప్పుడు అరిచాడు మరిది. "వదినా!" అని అరిచాడు.

ఆమె ఎప్పుడు దిగిందో ఆమెకు తెలీదు. బూత్ గోడకు మంటలార్పే ఎర్ర సిలిండర్ ఒకటి వేలాడుతుంటుంది. దాన్ని ఊడబీకి, రెండు చేతులతో పైకెత్తి, మీసాలన్న మోకాలి మీద పక్కనుంచి కొట్టింది. కర్ర విరిగినట్టు వినబడింది. అతను కూలిపోయాడు. బెల్టు పట్టుకున్నవాడు ఆమె వీపు మీద రెండు వాతలు తేల్చాడు. ఆమె తిరిగి సిలిండర్ అడుగుభాగంతో అతని ముఖంలోకి పొడిచింది. ముక్కు చితికింది. మిగతావాళ్ళు అడుగు వెనక్కి వేశారు.

మీసాలన్న నేలమీదనుంచి పాక్కుంటూ బూతులు తిడుతున్నాడు. ఆమె సిలిండర్ మళ్ళీ ఎత్తింది. అతని తల సరిగ్గా ఆమె కాళ్ళ దగ్గరుంది. అందరూ చూస్తున్నారు, ఎవరూ కదలడం లేదు. అప్పుడు ఆమెకు కడుపులో ఆ పాత హాయి మొదలవుతున్నట్టు తెలిసింది. గుర్తుపట్టింది. సిలిండర్‌ను దూరంగా విసిరేసి, మరిది మీద అడ్డంగా పడుకుంది. అంబులెన్సు వచ్చేదాకా ఎవరో ఒకరు తంతూనే ఉన్నారు. ఆమె కదలలేదు.

ఆసుపత్రి వరండాలో నుదుటికి పదకొండు కుట్లు వేయించుకుని బెంచీ మీద కూర్చుంటే చెల్లెలు వచ్చింది. వస్తూనే కొట్టింది. అరచేత్తో, పిడికిలితో, మళ్ళీ అరచేత్తో. కుట్లలో ఒకటి తెగి రక్తం కారింది. నర్సు పట్టుకోబోతే గేరక్కే వారించింది.

"బ్రేకు పడలేదా అక్కా? ఒక్కమాట చెప్పు, బ్రేకు పడలేదని చెప్పు, నమ్ముతాను."

గేరక్క నోరు విప్పలేదు. చెల్లెలు అలాగే నేలమీద కూలబడి, చెప్పుకాళ్ళతో గచ్చును బాదుతూ ఏడ్చింది.

ఆ 'ఒక్కమాట' కోసం మిగతావాళ్ళూ వచ్చారు. ఆమె కారు బాగుచేసే మేస్త్రి సాయంత్రం ఆసుపత్రి గేటు దగ్గర గొంతు తగ్గించి చెప్పాడు. "పోలీసులు రేపు బండిని చూట్టానికి నన్నే పిలిచారక్కా. బ్రేకు గొట్టం పాతదే. కారిపోయిందని రాసిస్తాను. ప్రమాదం కింద పోద్ది. నువ్వు గమ్మున ఉండు చాలు."

మరిది కూడా అదే చెప్పాడు. మోచేతిలో రెండు ఇనుప పలకలు పెట్టి కట్టు కట్టిన రెండో రోజు, పోలీసు అధికారి వాంగ్మూలం తీసుకోవడానికి మంచం దగ్గరికి వచ్చాడు. గేరక్కనూ పిలిపించాడు. మరిది మందుల మత్తులో ముద్దగా అన్నాడు. "తడి రోడ్డు సార్. వదిన బ్రేకు వేసింది. నేను అద్దంలో చూశాను. బండి ఆగలేదు."

చెల్లెలు కిటికీ దగ్గర ఇటు వీపు పెట్టి నిలబడి ఉంది.

"మీరేమంటారు?" అని అధికారి గేరక్కను అడిగాడు.

"బ్రేకుకేమీ రోగం లేదు సార్," అంది ఆమె. "నా కాలు ఎక్స్‌లేటర్ మీద ఉంది. కావాలనే తొక్కాను."

"వదినా!"

"నువ్వు పడుకో. నీ అద్దంలో నా ముఖం కనబడుంటుంది, కాలు కనబడదు." తర్వాత అధికారి వైపు తిరిగింది. "మీసాలన్న మోకాలు కూడా నేనే కొట్టాను. అదీ రాసుకోండి. ఆ వేలు తెగిన సంగతి కూడా నేను చూశాను. ఎవరు తలుపు వేశారో చెప్తాను."

అధికారి కలం పట్టుకుని ఆమె వంక అదోలా చూశాడు. ఇంత పనిని ఇంత సులువుగా చేసిపెట్టిన ముద్దాయి ఆయనకు అంతకుముందు తగిలి ఉండదు.

ఆమెకు ఏడు నెలల జైలు, రెండేళ్ళు లైసెన్సు రద్దు. ఆమె సాక్ష్యంతో మీసాలన్నకు కుంటికాలుతోనే ఏడాదిన్నర పడింది. స్టేషన్ ఆఫీసువాళ్ళు రెండు వరసలూ తీసేసి, వచ్చిన వరసను బట్టి చీటీ ఇచ్చే యంత్రం పెట్టారు. ఆ పని మొదటిరోజే చేసి ఉంటే ఒక వేలూ, ఒక మోచెయ్యీ, ఒక మోకాలూ మిగిలేవని గేటాయన వచ్చినవాళ్ళందరికీ చెప్పేవాడు.

ఆమె లోపల ఉండగానే మీసాలన్న మనుషులు మేస్త్రి షెడ్డులో ఉన్న ఆమె కారుకు పట్టపగలు నిప్పు పెట్టారు. మేస్త్రి ఏడుస్తూ వచ్చి చెప్పాడు. ఆమె ఊచల అవతలినుంచి "నువ్వు కాల్లేదు కదా" అని మాత్రం అడిగింది. ఆ వారంలోనే జైలు వంటగదిలో ఒక ఆడమనిషి వరసలో ముందుకు తోసుకొచ్చి, అడ్డుచెప్పిన గేరక్క చెవి మీద అల్యూమినియం పళ్ళెంతో కొట్టింది. చెవి గింగురుమంది. అందరూ గుండ్రంగా మూగారు, ఈమె చేతులు ఎలాంటివో కథలు కథలుగా విన్నారు కాబట్టి. గేరక్క రెండు చేతులూ వెనక్కి పెట్టుకుని, వేళ్ళు వేళ్ళలో బిగించి, ఇంకో రెండు దెబ్బలు తిన్నది. కొట్టిన మనిషికి విసుగొచ్చి ఆగింది. ఆ ఎడమచెవి ఇప్పటికీ సరిగా వినపడదు.

బయటికొచ్చాక కింది ఇంట్లోనే ఉంది. పైన చెల్లెలు నడుస్తున్న అడుగులు కప్పులోంచి వినబడేవి. మెట్ల మీద ఎదురైతే చెల్లెలు గోడవైపు తిరిగేది. గేరక్క ఒక బట్టలషాపు గోదాములో పెట్టెలు మోసే పనికి కుదిరింది. మరిది మోచెయ్యి సగానికి మించి చాపుకోలేకపోయాడు. మలుపుల్లో స్టీరింగ్ వేగంగా తిప్పలేడు. బాగుచేయించిన తెల్లకారును అద్దె డ్రైవర్లకు ఇచ్చాడు. ఒకడు గుద్దాడు, ఒకడు చెప్పకుండా మానేశాడు.

ఆమెకు లైసెన్సు తిరిగొచ్చిన రోజు సాయంత్రం మరిది కింది తలుపు తట్టాడు.

"వదినా, బండి తోలతావా?"

"ఏ బండి?"

"మన దగ్గర ఇంకో బండి ఉందా?"

"నీ చెయ్యి విరగ్గొట్టినదాన్ని నేను. నీకు గుర్తుందా?"

"వాన పడ్డప్పుడల్లా గుర్తొస్తుంది," అన్నాడు అతను. "అది వేరే సంగతి. నాకు డ్రైవర్ కావాలి."

కూరగాయల మార్కెట్ సెలవురోజున, ఖాళీగా ఉన్న దాని ఆవరణలో నేర్చుకుంది. కూర్చోగానే ఆమె ఎడమచెయ్యి గేరు కోసం వెతికింది. దొరకలేదు. ఎడమకాలు క్లచ్ కోసం గాలిని తొక్కింది. కుడికాలు డీజిల్ కారును కదిలించే అలవాటులో దిగిందో లేదో, కారు తుపాకీ పేలినట్టు ముందుకు దూకి, ఎదురుగా పేర్చి ఉన్న ఖాళీ ప్లాస్టిక్ పెట్టెల గుట్టను చెల్లాచెదురు చేసింది. బానెట్ మీద ఒకటి, కప్పు మీద ఒకటి పడ్డాయి. ఆమె అప్పటికి బ్రేకు తొక్కింది.

"ఇదేంటి, ఆలోచించుకునే వ్యవధే ఇవ్వదే!"

"ఇవ్వదు," అన్నాడు మరిది. "నువ్వెంత అడిగితే అంతా అప్పుడే ఇచ్చేస్తుంది. కాబట్టి కొంచెమే అడగాలి."

ఆమె దిగి పెట్టెలన్నీ మళ్ళీ పేర్చింది. మరిది ఒంటిచేత్తో అందించాడు. ఆ పూటంతా ఆమె కోడిగుడ్డు మీద కాలు పెట్టినట్టు తొక్కుతూ ఆవరణ చుట్టూ తిరిగింది. సాయంత్రానికి చెమటతో చొక్కా తడిసిపోయింది.

ఇప్పుడు మూడేళ్ళుగా ఆ తెల్లకారు ఆమే తోలుతోంది. స్టాండులో డీజిల్ కార్లు నాలుగే మిగిలాయి. వాళ్ళలో ఒకరిద్దరు ఆమెను చూసి ఇప్పటికీ ఉమ్మేస్తారు. మీసాలన్న జైలునుంచి వచ్చి స్టేషన్ ఎదుట పార్కింగు చీటీలు చింపుతున్నాడు. ఒకరోజు అతను కర్ర ఊపుతూ మీదకొచ్చి, కారు పక్క అద్దాన్ని విరగ్గొట్టాడు. ఆమె కారు దిగలేదు. కిటికీ మూసుకుని, కాలు మెల్లగా ఆనించి అక్కడినుంచి జరిగిపోయింది. అద్దం ఎలా పోయిందని మరిది అడిగితే ఉన్నది చెప్పింది.

చెల్లెలు నేరుగా మాట్లాడింది మొన్న వానాకాలంలో. ఫోన్ మోగితే, ఆ పేరు చూసి గేరక్క కారును రోడ్డు పక్కకు తీసి ఆపింది. బాగున్న చెవికి పెట్టుకుంది.

"ఆయనకు చెయ్యి బాగా లాగుతోంది. డాక్టరు రేపు తొమ్మిదింటికి రమ్మన్నాడు. నువ్వు తీసుకెళ్ళగలవా?"

"ఎనిమిదింటికల్లా ఉంటానే."

"ఎనిమిదెందుకు? ఎనిమిదిన్నరకు రా, చాలు," అంది చెల్లెలు. "నేనూ వస్తున్నాను. వెనక కూర్చుంటాను."

గేరక్క ఏడున్నరకే మెట్ల కింద కారు పెట్టుకుని కూర్చుంది.